నల్లగొండలో ఇంటి బూజు పరీక్ష: దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కరలేదు

ఇంట్లో చెమ్మకు పట్టే బూజు (మోల్డ్) ఉందా, ఉంటే ఎక్కడ ఉంది, దానికి నీరు ఎక్కడి నుంచి అందుతోంది అన్న ప్రశ్నలకు పరికరాలతో జవాబు వెతికి నివేదిక ఇచ్చే సంస్థలు ఇప్పుడు హైదరాబాద్‌లో దొరుకుతున్నాయి. అడిగితే జిల్లాలకు కూడా వస్తున్నారు. అలాంటి ఒక సంస్థను నల్లగొండలోని మా ఇంటికి పిలిపించాము. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నందువల్ల ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా నేను చెప్పబోయే మాటల్లో చాలావరకు ఈ సేవను అమ్మే ఎవరికైనా వర్తిస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. వాళ్లు చేసిన రెండు పనుల్లో గోడలోని చెమ్మను కొలిచి దాని మూలాన్ని పట్టుకోవడం పెట్టిన ప్రతి రూపాయికీ తగిన పని, గాలిని పట్టి అందులోని సిద్ధబీజాలను, అంటే బూజు వ్యాపించడానికి వదిలే, కంటికి ఆనని విత్తనాల వంటి కణాలను (స్పోర్లు) లెక్కించడం మా ఇంటి మట్టుకు అక్కరలేని పని. బిల్లులో సగానికి పైగా మాత్రం ఆ రెండో పనికే పోయింది.

బూజు పరీక్ష అనగానే సముద్రం పక్కన, ఏడాది పొడవునా గాలి తడిగా ఉండే ఊళ్లు గుర్తుకు వస్తాయి. నల్లగొండ ఆ కోవలోది కాదు. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఎండలు, పొడిగాలి మా జిల్లా స్వభావం. అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే నైరుతి వానల కాలంలో, ముసురు పట్టిన వారాల్లో, ఇక్కడి ఇళ్లు కూడా కోస్తా ఇళ్లలాగే చెమ్మగిల్లుతాయి. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ, హాలియా వైపు పొలాలకు నీళ్లు వదిలిన కాలంలో భూమిలోని తడి పునాదుల దాకా పాకడం అక్కడి వాళ్లందరికీ తెలిసిన సంగతే. మా ఇల్లు నల్లగొండ పట్టణంలోనే, పానగల్ వైపు ఉంది. ఇటుక గోడలు, సిమెంటు గిలాబు, దాని మీద లప్పం, ఆపైన ఎమల్షన్ రంగు, అంటే ఈ ప్రాంతంలో పాతికేళ్ల కిందట కట్టిన ఇళ్లకు ఉండే మామూలు నిర్మాణమే. పడమటి గదిలో వానాకాలం రాగానే ముక్కిన బియ్యం వాసన వంటిది వచ్చేది. గోడ మీద కంటికి కనిపించే మచ్చ ఏదీ లేదు. రంగు వేయించిన కొత్తలో తగ్గినట్లనిపించి, మరుసటి వానలకు వాసన మళ్లీ వచ్చేది. అమ్మకు ఆ నెలల్లోనే దగ్గు ఎక్కువ కావడంతో ఊపిరితిత్తుల వైద్యులు ఇంట్లో చెమ్మ ఉందేమో చూసుకొమ్మన్నారు.

ఇక్కడ ఎవరిని అడిగినా జవాబు దొరుకుతుంది, అయితే ఎవరి జవాబు వారి చేతిలోని సరుకును బట్టి ఉంటుంది. రంగులు వేసేవారు లప్పం గీకి కొత్త ప్రైమర్ కొట్టాలంటారు. వాటర్‌ప్రూఫింగ్ డీలరు డబ్బా చూపిస్తారు. మేస్త్రీ గిలాబు మొత్తం కొట్టేసి మళ్లీ చేద్దామంటారు. వీరిలో ఎవరినీ మోసగాళ్లనలేము, కాని గోడ లోపల ఏముందో తెలియకుండానే ప్రతివారూ మందు రాస్తున్నారు. హైదరాబాద్ సంస్థను ఎంచుకోవడానికి మొదటి కారణం, అది మరమ్మతులు చేయదు, మందులు కొట్టదు, పరీక్ష మాత్రమే చేస్తుంది. బూజు ఉందని తేల్చే మనిషికి ఆ బూజును తొలగించే కాంట్రాక్టు కూడా దక్కుతుందంటే, ఆ నివేదికను అనుమానించవలసిందే. ఈ సేవ తీసుకోదలచినవారు ఫోనులో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ఫోనులో మాట్లాడినవారు బాగానే మాట్లాడారు. ఇల్లు ఎప్పుడు కట్టింది, ఏ గదికి స్నానాలగది ఆనుకొని ఉంది, పైకప్పు స్లాబు కురుస్తుందా, కూలర్ వాడుతారా, వాసన ఏ నెలల్లో వస్తుంది అని వరుసగా అడిగి రాసుకున్నారు. ఆ తరువాత తమ ప్యాకేజీని వివరించారు. అందులో తనిఖీ, గాలి నమూనాలు, ల్యాబ్ ఖర్చు, నివేదిక కలిసి ఉంటాయి. తనిఖీ ఒక్కటే విడిగా ఇస్తారా అని అడిగితే అలాంటి ఏర్పాటు లేదన్నారు. హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల ప్రయాణానికి అదనంగా తీసుకుంటారు, అది న్యాయమే. ముందు రోజు నుంచి తలుపులు, కిటికీలు మూసి ఉంచమని, అగరుబత్తీలు వెలిగించవద్దని, చీపురుతో ఊడ్చి దుమ్ము రేపవద్దని వాట్సాప్‌లో సూచనలు పంపారు. ఈ సూచనలు తెలుగులో రావడం విశేషంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తరువాత వచ్చిన నివేదికలో ఒక్క తెలుగు ముక్క కూడా లేదు.

వచ్చిన యువకుడు ఇంట్లోకి రాకముందు ఇంటి చుట్టూ తిరిగాడు. పిట్టగోడ మీది పగుళ్లు, వాననీటి గొట్టం దిగే చోటు, ట్యాంకు నిండి పొర్లితే నీరు పారే దారి, గోడ పక్కన పూలమొక్కల కోసం పోసిన మట్టి ఎత్తు అన్నీ చూసి ఫోటోలు తీసుకున్నాడు. తరువాత బయటి గాలి ఉష్ణోగ్రతను, తేమ శాతాన్ని చిన్న పరికరంతో కొలిచి, లోపలికి వచ్చి ప్రతి గదిలోనూ అదే పని చేశాడు. ఒక్క అంకె చెప్పి వదిలేయకుండా దాని అర్థాన్ని కూడా వివరించాడు. గదిలో 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే, సుమారు 24 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువు మీదనైనా ఆ గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుందట. బూజుకు మాత్రం ఆ బొట్లు కూడా అక్కరలేదు. గోడ ఉపరితలాన్ని ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం చుట్టూ చాలా రోజులు నిలిస్తే చాలు, దుమ్ము, రంగు, చెక్క, కాగితం వంటివాటిని తిని అది పెరగగలదు. ఇంటి గాలిలో తేమ 60 శాతానికి లోపు, వీలైతే 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పడానికి కారణం ఇదే.

పడమటి గదిలో అతని చూపు స్నానాలగది గోడకు ఆనించిన చెక్క బీరువా మీద పడింది. “అమ్మా, దీన్ని ఒక జానెడు ముందుకు జరపవచ్చునా?” అని అడిగాడు. “జరుపు బిడ్డా, అది ఆడ పెట్టినకాంచి ఎవ్వలు కదిలియ్యలే” అన్నది అమ్మ. జరిపి చూస్తే బీరువా వెనుక ప్లైవుడ్ పలక మీద, కింది సగంలో, విభూతి చల్లినట్లు బూడిదరంగు చుక్కలు. వాసన అక్కడిదే. గోడ మాత్రం చూపుకు శుభ్రంగానే ఉంది, అరచేయి పెడితే కొద్దిగా చల్లగా తగిలింది, అంతే.

ఇక్కడి నుంచి అతను చేసిన పని ఈ సేవలో అసలైన భాగం. ముందుగా వేడి, చల్లదనాల తేడాను రంగుల్లో చూపే థర్మల్ కెమెరాతో గోడను చూపించాడు. తెరపై స్నానాలగది వైపు నుంచి ఒక ముదురు నీలం మరక కిందికి జారినట్లు కనిపించింది. “ఇది తడి అని అనుకోవద్దు సార్, ఇది చల్లదనం మాత్రమే, తడి వల్ల కావచ్చు, ఇంకోదాని వల్లా కావచ్చు” అని వెంటనే అన్నాడు. ఆ కెమెరా బొమ్మలు చూపించి జనాన్ని భయపెట్టే వ్యాపారాలు ఉన్న రోజుల్లో ఈ మాట అన్నందుకే అతనికి మంచి మార్కులు వేయవచ్చు. తరువాత గోడ మీద అడుగుకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా కాగితపు టేపు ముక్కలు అంటించి, ఒక్కొక్క దాని పక్కన తేమమీటరు ఆనించి, వచ్చిన అంకెను ఆ టేపు మీదే పెన్సిలుతో రాసుకుంటూ పోయాడు. అన్నీ రాయడం పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే మాకే అర్థమైంది. నేల దగ్గర అంకెలు మధ్యస్థంగా, ఛాతీ ఎత్తులో ఒకచోట గరిష్ఠంగా, అక్కడి నుంచి కిందికి వచ్చేకొద్దీ పక్కలకు పరుచుకుంటూ, పైన మామూలుగా ఉన్నాయి. అవతలి వైపు కొలిచి చూస్తే ఆ గరిష్ఠ స్థానం సరిగ్గా షవర్ నల్లా దగ్గర గోడలో దాచిన పైపు వంపు ఉన్న చోటు. పునాది నుంచి పాకే తడి అయితే అంకెలు నేల దగ్గర ఎక్కువగా ఉండి, పైకి పోయేకొద్దీ తగ్గుతూ, సాధారణంగా ఒక మీటరు ఎత్తు దాటాక ఆగిపోతాయట. స్లాబు నుంచి దిగే తడి అయితే పైనుంచి మొదలవుతుంది. ఏ రంగు డబ్బా మీదా రాసి ఉండని ఈ తేడాను టేపు ముక్కలు, పెన్సిలు పట్టుకొని ఇంటివాళ్లకు చూపగలగడం నాకు బాగా నచ్చింది.

బయటి గోడ లోపలి వైపు, నేలకు జానెడు ఎత్తులో తెల్లని నూగు పట్టిన చోటు ఒకటి ఉంది. మేము దాన్ని బూజు అనే అనుకున్నాము, ఇక్కడ పది ఇళ్లలో తొమ్మిదింటివారు అలాగే అనుకుంటారు. అతను ఆ నూగు కొంచెం గీకి, నల్లని ప్లాస్టిక్ మూత మీద వేసి, ఒక నీటిచుక్క పోశాడు. కాసేపటికి కరిగిపోయింది. నీటిలో కరిగితే ఉప్పు, కరగకుండా తేలితే బూజు అనుకోవచ్చునట. ఇటుకలలోనూ, గిలాబు కలిపిన నీటిలోనూ, భూమిలోనూ ఉండే లవణాలు తడితో పాటు గోడ పైకి వచ్చి, తడి ఆరినప్పుడు ఇలా మిగిలిపోతాయి. ఇది ఆరోగ్యానికి బూజు చేసే చెరుపు చేయదు, కాని అక్కడ తడి నడుస్తోందనడానికి గుర్తు. మా వంటి జిల్లాలో ఇది తెలియని పరీక్షకుడు వస్తే నష్టమే. రెండు సూదులు గుచ్చి కొలిచే మీటరు గోడ గుండా విద్యుత్తు ఎంత సులువుగా పోతుందో చూసి తేమ అంకె చెబుతుంది. ఉప్పు ఉన్న గోడలో విద్యుత్తు సులువుగా పోతుంది కాబట్టి అంత తడి లేకపోయినా మీటరు ఎర్రదీపం వెలిగిస్తుంది. పైగా ఆ మీటర్ల మీది శాతాలు చెక్కకు సరిపోయేలా తయారు చేసినవి, గిలాబు మీద వాటిని అచ్చంగా శాతాలుగా చదవకూడదు, ఒక చోటుకూ మరో చోటుకూ పోల్చి చూడడానికే పనికివస్తాయి. బోరు నీళ్లతో కట్టిన ఇళ్లు వీధికి నాలుగున్న చోట ఈ సంగతి చెప్పకుండా “మీ గోడలో తేమ ఇంత శాతం” అని గంభీరంగా రాసి ఇచ్చే నివేదికను పక్కన పెట్టడమే మంచిది. మా యువకుడు సూదుల మీటరుతో పాటు గోడకు ఆనించి చదివే రెండో రకం మీటరును కూడా వాడి, రెండూ ఒకే మాట చెప్పిన చోట్లనే తడి అని గుర్తు పెట్టాడు.

ఇంతవరకు చేసిన పనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఆ తరువాతే అభ్యంతరం మొదలవుతుంది. బూజు కళ్లెదుట దొరికింది, నీరు వచ్చే చోటు కూడా దాదాపు తేలిపోయింది, అయినా ప్యాకేజీలో ఉన్నందున గాలి నమూనాలు తీయవలసి వచ్చింది. చిన్న పంపుకు ఒక ప్లాస్టిక్ క్యాసెట్ తగిలించి, నిమిషానికి 15 లీటర్ల చొప్పున 5 నిమిషాలు, అంటే 75 లీటర్ల గాలిని అందులోకి పీలుస్తారు. క్యాసెట్ లోపలి జిగురు పలకకు అంటుకున్న సిద్ధబీజాలను ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని కింద లెక్కించి, ఘనపు మీటరుకు ఎన్ని అన్న అంకెలోకి మారుస్తారు. పోల్చడానికి ఇంటి బయట కూడా ఒక నమూనా తీస్తారు. పద్ధతిగా చేశాడు, వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కాని ఈ పద్ధతికే ఉన్న పరిమితులను అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. 75 లీటర్లలో ఒక్క సిద్ధబీజం కనిపిస్తే నివేదికలో అది 13 అవుతుంది. 1,200 అని చూసి మనం బెదిరిపోతే, వాళ్లు నిజంగా కళ్లతో లెక్కపెట్టింది సుమారు 90 మాత్రమే. ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం అనే బూజుల సిద్ధబీజాలు సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రెండింటినీ ఒకే పద్దు కింద వేస్తారు, జాతి పేరు తెలియాలంటే పెట్రి పాత్ర అనే మూత ఉన్న చిన్న పళ్లెంలో రోజుల తరబడి పెంచాలి, దానికి మళ్లీ వేరే రుసుము. ఐదు నిమిషాల గాలి ఆ ఐదు నిమిషాల కథే చెబుతుంది. ఫ్యాను తిరిగినా, పరుపు దులిపినా, బీరువా జరిపినా లెక్క మారుతుంది, మా గదిలో అంతకు గంట ముందే బీరువా జరిగింది. వరికోతలు, నూర్పిళ్లు సాగే కార్తీక మాసంలో అయితే బయటి గాలిలోనే సిద్ధబీజాలు విపరీతంగా ఉంటాయి, అప్పుడు తీసిన బయటి నమూనా పక్కన లోపలి అంకె అమాయకంగా కనిపిస్తుంది.

కంటికి బూజు కనిపించినప్పుడు చాలా సందర్భాలలో నమూనా పరీక్ష అనవసరమని అమెరికా పర్యావరణ సంస్థే తన సలహాల్లో రాసింది. ఏ రకం బూజైనా చేయవలసిన పని ఒకటే: నీటిని ఆపడం, పాడైన వస్తువును తీసేయడం, మిగిలినదాన్ని శుభ్రం చేసి ఆరబెట్టడం. నల్లగా ఉన్న ప్రతి బూజూ ప్రాణాంతకమన్న భయం కూడా సరైనది కాదు. రంగును చూసి జాతి చెప్పలేము, నల్లగా కనిపించేవాటిలో క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ నైగర్ వంటి మామూలు బూజులు ఎన్నో ఉన్నాయి.

నివేదిక కొద్ది రోజులకు ఈమెయిల్‌లో వచ్చింది. అందులో మా ఇంటి గురించి రాసిన పేజీలు కొన్నే, మిగిలినవి ఏ ఇంటికైనా అంటించదగిన సాధారణ విషయాలు. పనికివచ్చినది గోడ బొమ్మ మీద తేమ అంకెలు వేసి ఇచ్చిన ఒక్క పేజీ. అసలు తప్పు ఫలితాల పట్టికలో ఉంది. గాలి నమూనా అంకెల పక్కన “అనుమతించదగిన పరిమితి” అని ఒక గడి పెట్టి, మా పడమటి గదిని ఎర్రరంగులో చూపారు. ఆ పరిమితి ఎవరు పెట్టారని ఫోను చేసి అడిగాను. ఎందుకంటే ఇళ్లలోని బూజుకు, సిద్ధబీజాలకు అమెరికా ప్రభుత్వం పరిమితి ఏదీ నిర్ణయించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన చెమ్మ, బూజు మార్గదర్శకాలు కూడా ఇంత సంఖ్య దాటితే ప్రమాదం అని చెప్పలేదు, చెమ్మను నివారించాలనే చెప్పాయి. మొదట మాట్లాడిన ఉద్యోగిని అది తమ నివేదికల ప్రామాణిక ఫార్మాట్ అన్నారు. పైఅధికారి మాట్లాడి, అది తమ సంస్థ లోపలి వాడుక కోసం పెట్టుకున్న సంఖ్య అని ఒప్పుకొని, ఆ గడి తీసేసి, లోపలి అంకెను బయటి అంకెతో పోల్చి చెప్పే వాక్యంతో సవరించిన నివేదిక పంపారు. అడిగినప్పుడు దిద్దుకున్నందుకు వారిని అభినందించవలసిందే. అడగని ఇళ్లకు ఆ ఎర్రగడి అలాగే వెళ్తుండవచ్చునన్నది నా అసంతృప్తి. ఫ్లోరైడ్ పుణ్యమా అని మా జిల్లాలో సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపడం అందరికీ అలవాటే, అక్కడ లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు ఉంటుంది కాబట్టి ఇక్కడా ఉంటుందని జనం సహజంగానే నమ్ముతారు.

ల్యాబ్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నివేదిక మీద ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తు కనిపించగానే సంతృప్తి పడకూడదు. ల్యాబ్‌ల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17025 కింద ఆ గుర్తింపు ల్యాబ్‌లో జరిగే అన్ని పరీక్షలకూ గంపగుత్తగా రాదు, ఏయే పరీక్షలకు అన్న జాబితా విడిగా ఉంటుంది. నీటి పరీక్షకు గుర్తింపు ఉన్న ల్యాబ్ గాలిలోని శిలీంధ్రాలను కూడా గుర్తింపుతోనే లెక్కిస్తోందని అనుకోవడానికి లేదు. జాబితా ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, లేదా సంస్థనే పంపమని అడగవచ్చు.

నివేదికలోని సలహాలు రాసినవారికి నల్లగొండ ఎలా ఉంటుందో తెలిసినట్లు లేదు. ఏడాది పొడవునా తేమ పీల్చే యంత్రం నడపమన్నారు. మార్చి నుంచి మే దాకా గాలిలో తేమ లేక పెదవులు పగిలే ఊరిలో ఆ యంత్రం ఏమి పీలుస్తుంది? దానికి బదులు యువకుడు వెళ్లేముందు నోటితో చెప్పిన మాట వంద రెట్లు విలువైనది, కాని అది నివేదికలో లేదు. వేసవిలో మా ఇంటికి తేమ తెచ్చేది కూలర్. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది, ఆ గాలి అవతలి కిటికీ గుండా బయటకు పోతేనే చల్లదనం నిలుస్తుంది, తేమ పేరుకోదు. చల్లదనం పోతుందని తలుపులన్నీ బిగించి పడుకునే గదుల్లో రాత్రంతా గాలి తడితో బరువెక్కి, బీరువాల వెనుక, పరుపుల కింద, సజ్జల మీది పాత పుస్తకాలలో చేరుతుంది. ఈ గదుల్లో వానాకాలానికి ముందే బూజుకు పునాది పడుతుంది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఇళ్లలోనూ కూలర్ల వాడకం ఇలాగే ఉంటుంది కాబట్టి అక్కడివారు కూడా ఎదుటి కిటికీ ఒక రెక్క తెరిచి ఉంచి చూడవచ్చు. కూలర్ గడ్డి ఏటా మార్చడం, సీజను ముగియగానే తొట్టి ఖాళీ చేసి ఎండబెట్టడం కూడా అతను చెప్పినవే.

పరీక్ష తరువాత ప్లంబరును పిలిచి, నివేదికలోని గోడ బొమ్మ చేతికిచ్చి, గుర్తు పెట్టిన చోటే స్నానాలగది వైపు ఒక టైలు పగలగొట్టించాము. ఎల్బో జాయింటు దగ్గర సన్నగా, దారంలా నీరు కారుతూ కనిపించింది. గోడ అంతా కొట్టకుండా ఒక్క టైలుతో పని తేలింది. మేస్త్రీ చెప్పినట్లు రెండు గోడల గిలాబు తీయించి ఉంటే పరీక్షకు పెట్టినదానికి ఎన్నో రెట్లు అయ్యేది, పైగా కారే జాయింటు అలాగే ఉండిపోయేది. బయటి గోడ దగ్గర పూలమొక్కల మట్టి పునాది మీద వేసిన తేమ అడ్డుపట్టీని దాటి ఎత్తుగా ఉండడం వల్లనే తడి లోపలికి వస్తోందని రాశారు. ఆ మట్టిని తీయించి, నేలను గోడ నుంచి బయటికి వాలుగా చేయించాము. బీరువా వెనుక పలకను మార్చి, మిగిలిన చెక్కను సబ్బునీటితో తుడిచి ఎండలో పెట్టాము, ఇప్పుడది గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉంది. గోడ ఆరేదాకా లప్పం పెట్టవద్దని, రంగు వేయవద్దని నివేదికలో గట్టిగా రాశారు, ఆ సలహా నూటికి నూరుపాళ్లు సరైనది. తడి మీద వేసిన రంగు లోపలి నీటిని బంధించి, కొన్ని నెలలకు పొరలుగా ఊడిపోతుంది.

గోడ ఆరిందో లేదో చూడడానికి మళ్లీ వచ్చి అవే చోట్ల అంకెలు చదివే సేవ వాళ్ల దగ్గర ఉంది, దీనికి గాలి నమూనాలు తప్పనిసరి కాదు, రుసుము చాలా తక్కువ. వేరే పని మీద సూర్యాపేట వైపు వస్తూ మా ఇంటి దగ్గర ఆగినందున ప్రయాణ ఖర్చు కూడా తగ్గించారు. మొదటిసారి టేపు ముక్కల మీద రాసిన అంకెల ఫోటో పక్కన పెట్టుకొని అదే యువకుడు మళ్లీ చదివి, గోడ మామూలు స్థితికి వచ్చిందని చెప్పిన తరువాతే రంగు వేయించాము. నా లెక్కలో ఈ సంస్థ అందించే సేవలన్నిటిలో ఇదే అన్నిటికంటే చవకది, అందరూ తప్పక వాడుకోవలసినది. విచిత్రమేమిటంటే, దీన్ని వారు ఎక్కడా ప్రచారం చేయరు.

అమ్మ దగ్గు గురించి రాయకపోతే చదివినవారు అడుగుతారు. వాసన పోయింది, ఆమెకు ఈ వానల్లో కొంత తేలికగా ఉంది, కాని వైద్యులు మందులు కూడా మార్చారు కాబట్టి ఆ మార్పును గోడ ఖాతాలో వేయను. చెమ్మ ఉన్న ఇళ్లలో ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి ఇబ్బంది పెరుగుతుందన్నది స్థిరపడిన విషయమే, అయితే ఫలానా గోడే ఫలానా మనిషి దగ్గుకు కారణమని గాలి నమూనా నిరూపించజాలదు. అలా నిరూపిస్తామని చెప్పేవారిని నమ్మకండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, అవయవ మార్పిడి జరిగినవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు ఇంట్లో ఉంటే మాత్రం పరీక్షల జోలికి పోకముందే వైద్యులతో మాట్లాడాలి, వారిని ఆ గదిలో ఉంచకూడదు.

ఎవరికి ఈ సేవ అక్కరలేదో కూడా చెప్పాలి. స్లాబు కురుస్తున్నట్లు కళ్లారా కనిపిస్తుంటే, స్నానాలగది మూలలో అరచేతంత నల్లమచ్చ ఉంటే పరీక్షకు పిలవడం వృథా. సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుకు లోపు ఉన్న బూజును ఎన్95 మాస్కు, చేతితొడుగులు వేసుకొని ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చు. బ్లీచింగ్ వాడదలచినవారు దానిలో యాసిడ్ కాని, అమ్మోనియా ఉన్న క్లీనర్లు కాని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే, మూత తెరిచి గదిలో పెట్టే పెట్రి పాత్ర కిట్లు అసలే కొనవద్దు. సిద్ధబీజాలు లేని గాలి భూమి మీద లేదు కాబట్టి ఏ ఇంట్లో పెట్టినా అందులో బూజు మొలుస్తుంది. దాని ఖరీదులో గాలిలోని తేమ శాతం చూపే మంచి గడియారం ఒకటి వస్తుంది, గోడకు తగిలిస్తే ఏ గదిలో ఎప్పుడు 60 దాటుతోందో ఇంట్లో చదువుకునే పిల్లలు కూడా చెప్పగలరు.

వాసన ఉండి చోటు తెలియనప్పుడు, ఇల్లు కొనేముందు, అద్దె ఇంట్లో తడికి బాధ్యత యజమానిదా, అద్దెకున్నవారిదా అన్న తగవు వచ్చినప్పుడు, బిల్డరు వేసిన కొత్త రంగు వెనుక ఏముందో తెలియాలనుకున్నప్పుడు పిలవడం సమంజసం. పిలిస్తే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పిలవండి. ఏప్రిల్‌లో వచ్చి కొలిస్తే, కారే పైపు తప్ప మిగిలిన తడి చాలావరకు ఆరిపోయి ఉంటుంది. తనిఖీ, నమూనాలు విడివిడి ధరలతో ఇవ్వమని, తనిఖీ ముగిశాకే నమూనాలు కావాలో వద్దో నిర్ణయించుకుంటామని ముందే రాతపూర్వకంగా అడగండి. మేము వెంటపడి అడగగా ఈ సంస్థ ఇప్పుడు తనిఖీని ఒక్కటిగా ఇవ్వడానికి ఒప్పుకుంటోంది, కాని అది వారి ధరల పట్టికలో ఇంకా చేరలేదు, ఫోనులో ప్రత్యేకంగా అడిగితేనే చెబుతున్నారు. నివేదిక తెలుగులో ఇచ్చే విషయం ఆలోచిస్తామన్నారు. తనిఖీకి ఐదులో నాలుగున్నర, గాలి నమూనాలకు ఒకటిన్నర, మొదట వచ్చిన నివేదికకు రెండు, రెండోసారి వచ్చి చేసిన కొలతకు ఐదు ఇస్తున్నాను.